బత్తిగది గట్టయ్య

నాంపల్లి స్టేషను వెనక సందులో గట్టయ్య ఎక్కడుంటాడని అడిగితే ఎవరూ చెప్పలేరు. బత్తిగది గట్టయ్య అంటే చెప్తారు. చెప్పేముందు మూతి కాస్త పక్కకు తిప్పుకుంటారు. అతనికి ఎవరూ నచ్చరు, ఎవరికీ అతను నచ్చడు. ఈ ఒప్పందం పాతికేళ్లుగా ఏ తగాదా లేకుండా నడుస్తోంది.

జనగామ దగ్గర ఒక పల్లెలో కూలి చేసుకునే ఇంట పుట్టాడు. పద్దెనిమిదో ఏట పట్నం వచ్చి, ఆ సందులో ఉన్న నవాబుగారి దేవిడీలో దీపాలు తుడిచే పనికి కుదిరాడు. ముప్ఫై గదుల మహలు అది. పొద్దు వాలేసరికి అరవై చిమ్నీలు నీటిచుక్కల్లా మెరవాలి. తర్వాత కరెంటు వచ్చింది. మసిగుడ్డ పట్టిన చేత్తోనే తీగలు పట్టడం నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. రెండుసార్లు కరెంటే కొట్టి నేర్పింది. మెట్ల కింద కిటికీ లేని చిన్న గది ఒకటి అతని చేతికిచ్చారు. అందులో దీపపు బుగ్గలు, తీగచుట్టలు, పింగాణీ ముక్కలు, డబ్బాల నిండా ఇత్తడి మరలు. దాన్ని బత్తిగది అనేవారు. దాని తాళంచెవి గట్టయ్య మొలతాటికి ఉండేది. స్నానం చేసేటప్పుడు కూడా విప్పేవాడు కాదు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు జాగీర్లు పోయాయి. నవాబు కుటుంబం చిన్న ఇంటికి మారిపోయింది. వేలాడే అద్దాల దీపాలు, తివాచీలు, గడియారాలు వేలానికి పోయాయి. దేవిడీని కాలేజీలో చదివే ఆడపిల్లల వసతిగృహానికి కిరాయికిచ్చారు. గట్టయ్య మాత్రం అక్కడే మిగిలాడు. అతన్ని వేలం వేయాలని ఎవరికీ తోచలేదు.

నవాబును అతను ఎప్పుడూ మెచ్చుకోలేదు. దీపం కింద కూర్చుని దీపాన్ని చూడని మనిషి అనేవాడు. ఇప్పుడొచ్చిన ఆడపిల్లలను అసలు లెక్కపెట్టలేదు. బుగ్గ మాడిపోతే "బల్బు చచ్చిపోయింది" అని నవ్వుతూ చెప్పే పిల్లలు చదివి ఏం చేస్తారని అతని అనుమానం. సందులో పొద్దుగూకి కరెంటు దీపం వెలగగానే చెంపలు వేసుకునేవాళ్లను చూస్తే అతనికి ఒళ్లు మండేది. ఆ దీపానికి తీగ లాగింది ఎవరో, ఎవరి వేళ్లు కాలాయో వాళ్లకు అక్కర్లేదు.

లోకంలో అతను మనసారా మెచ్చుకున్న వస్తువు ఒక్కటే ఉండేది. అది దేవిడీ ముందు పోర్టికోలో ఉండే దీపం. పోత ఇనుప చేయి, దాని చివర ఇత్తడి టోపీ, కింద పండిన సొరకాయంత పెద్ద మందపాటి గాజు, ఆ గాజు అడుగును పట్టుకుని లోతైన ఇత్తడి గిన్నె. ఇంగ్లండు నుంచి ఓడ మీద వచ్చిందట. వెలిగించినప్పుడు ఆ గాజులో వెలుతురు వెంటనే బయటికి రాదు. కాసేపు లోపలే తేనెలా ఊరి, తర్వాత మెల్లగా మెట్ల మీదికి కారుతుంది.

గిన్నె అడుగున శనగగింజంత రంధ్రం ఒకటి ఉండేది. మిరుగం కార్తె వానలకు ఉసిళ్లు ఆ రంధ్రంలోంచి దూరి గాజు నిండా రెక్కలు రాల్చేవి. ఒకసారి ఆ రెక్కలు రంధ్రంలోంచి రాలి నవాబుగారి బేగం చాయలో పడ్డాయి. మర్నాడే గట్టయ్య లక్క కరిగించి ఆ రంధ్రంలో పోశాడు. పైన ఇత్తడి రంగులో కలిసిపోయేట్టు రుద్దాడు. ఆ తర్వాత ఒక్క ఉసిలి కూడా లోపలికి పోలేదు. పదహారేళ్లు గడిచాక రంధ్రం ఎక్కడుండేదో వేలితో తడిమి చెప్పడం అతనికి కూడా కష్టమే. పోర్టికో కప్పు కింద, ఎండావానా ఎరగకుండా ఆ దీపం తన బతుకంతా బతికింది.

వసతిగృహానికి వార్డెనుగా సౌభాగ్య వచ్చింది. హిమాయత్‌నగర్‌లో ఇల్లు. తాతల కాలం నుంచి గుమాస్తాల కుటుంబం. ఏ పనైనా కాగితం మీద రాసుకుని, అయ్యాక గీత కొట్టేస్తుంది. యాభై మూడో సంవత్సరం ఎండాకాలంలో ఎవడో వెనక గోడ దూకి ఆరేసిన చీరలు పట్టుకుపోయాడు. ఆబిడ్స్‌లో టైపు నేర్చుకుని పొద్దుగూకాక వచ్చే పిల్లలు వెనక గేటు దగ్గర భయపడుతున్నారు. సౌభాగ్య గట్టయ్యను పిలిచింది.

"ముందటి దీపం తీసి వెనక గేటు కాడ పెట్టు గట్టయ్యా. ముందట ఎవరున్నరు చూడనీకి?"

"అది గేటుకు పెట్టే దీపం కాదమ్మా."

"మరెందుకు పెట్టే దీపం?"

గట్టయ్య మొలతాటి చెవి సర్దుకున్నాడు. ఏ దీపం ఎందుకో తెలియని మనిషికి చెప్పి లాభమేమిటి. రెండు రోజుల్లో దీపాన్ని దించి, వెనక గేటు స్తంభానికి ఇనుప చేయి బిగించి పెట్టాడు. వెలిగిస్తే సందంతా పసుపు నీళ్లు చల్లినట్టయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టే చేతులు మెరుగు పెట్టే చేతులు కావు కదా అనుకుని అతను నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మిరుగం వాన కురిసిన మూడో రోజున ఆ దీపం ఆరిపోయింది.

టోపీ మరలు విప్పి హోల్డరు బయటికి లాగాడు. బుగ్గను పట్టుకునే ఆ ఇత్తడి గొట్టం నిండా పచ్చటి చిలుము. ఫ్యూజు తీగ మాడింది. దీపంతోపాటు ఓడ మీద వచ్చిన హోల్డరు అది. ముసలిదైపోయిందనుకున్నాడు. గాజు లోపలికి తొంగి చూడలేదు. ఆ దీపం లోపల ఏముంటుందో అతనికి తెలియక కాదు, తెలుసు కనక.

ఆబిడ్స్‌లో పెద్ద బట్టల దుకాణాల వెనక సందులో రామచందర్ దుకాణం. స్విచ్చులు, హోల్డర్లు, గంటలు, పంకాల రెక్కలు. తండ్రి నాటి దుకాణం. ఓపిక ఒక్కటే ఆ దుకాణంలో అడగకుండా దొరికే సరుకు. గట్టయ్య పోయేసరికి అతను హోల్డర్లను వరుసగా పేరుస్తున్నాడు.

"ఏం గట్టన్నా, దేవిడీ మళ్ల వెలుగుతుందట గదా."

"వెలిగేది దేవిడీ కాదు సేటూ, వెనక గేటు. ముందట బట్టలారేస్తున్రు."

"గిది చూడు. బాకెలైటుది. బొంబాయి కెల్లి వచ్చింది."

నల్లటి ఆ హోల్డరును గట్టయ్య చెవి దగ్గర పెట్టుకుని గోటితో తట్టాడు. "గిది హోల్డరా, పిల్లల గిలక్కాయా?"

"అందరూ గదే కొంటున్రన్నా."

"అందరూ కొంటున్రంటేనే నాకు భయమైతది."

వేరేది దొరక్క దాన్నే తెచ్చి బిగించాడు. నాలుగు రోజులు వెలిగింది. ఐదో రోజు సాయంత్రం వాన పడింది. ఆ మర్నాడు స్విచ్చు వేస్తే గాజులో ఒక ఎర్రటి పురుగు కదిలినట్టు కదిలి చీకటైపోయింది. విప్పి చూస్తే మళ్లీ చిలుము. గట్టయ్యకు ఒక రకమైన సంతోషం కలిగింది. తను చెప్పిందే జరిగింది.

రెండోసారి పింగాణీ హోల్డరు తెచ్చాడు. అది ఆరు రోజులుంది.

వెనక గేటు తెరిచి మూసే పని పోశవ్వది. దేవిడీ రోజుల్లో వంటింట్లో మసాలా నూరేది. గట్టయ్యను ఎదురుగా ఆటపట్టించగల మనిషి ఆమె ఒక్కతే. అతను నిచ్చెన మీద తల పట్టుకుని కూర్చుంటే కింది నుంచి చూసి నవ్వింది.

"గట్టన్నా, ఒక్క మాట చెప్తా, కోపం చెయ్యకు. గేటు గట్టిగ వేస్తే పైన బుడబుడమంటది. బిందె తొణికినట్టు."

"నీ కడుపుల బుడబుడమంటున్నది, జొన్న గట్క తాగి."

"గట్క తాగినోళ్లకు చెవులుండవా ఏంది?"

"చెవులున్నయి. రోలు కాడ కూసొని కూసొని అన్నిట్ల రోలు చప్పుడే ఇనవడ్తది నీకు."

పోశవ్వ గేటు ధడాలున వేసి లోపలికి పోయింది. పైన ఏమైనా తొణికిందో లేదో గట్టయ్య వినలేదు. అప్పటికే పింగాణీని తిట్టడంలో మునిగిపోయాడు.

మూడోసారి రామచందర్ అటకెక్కి, గుడ్డలో చుట్టి దాచిన పాత ఇంగ్లీషు హోల్డరు ఒకటి దించాడు. అచ్చమైన ఇత్తడి. లడాయి ముందు కాలంది. గట్టయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. మొదటిసారి ఏ వంకా పెట్టలేదు. అది తొమ్మిది రోజులు వెలిగింది. పదో రోజు పెద్దవాన. గన్‌ఫౌండ్రీ దాకా రోడ్డు మీద మోకాటి లోతు నీళ్లు పారాయి. ఆ సాయంత్రం టైపు నేర్చుకుని వస్తున్న ఇద్దరు పిల్లలు చీకట్లో గేటు ముందు గుంటలో పడ్డారు. ఒక పిల్ల చేయి బెణికింది.

సౌభాగ్య గట్టయ్యను ఆఫీసు గదికి పిలిచింది. అరవలేదు. ముందు కాగితం మీద ఏదో రాసుకుంది.

"మూడు హోల్డర్లు మార్చినవు గట్టయ్యా."

"మాలు మంచిగ లేదమ్మా. దొంగ మాలు అమ్ముతున్నడు."

"కొత్త గదులకు నలభై హోల్డర్లు ఆయన దగ్గరనే చెప్పినం. రద్దు చెయ్యాల్నా?"

"చెయ్యిండ్రి."

ఆమె గీత కొట్టేసింది. తర్వాత తలెత్తి, అంతే మెల్లగా చెప్పింది. "ఇంకొక్కసారి ఆరిందంటే, దీపాలన్నీ గుత్తేదారుకు ఇచ్చేస్త. బత్తిగది చెవి ఆయన మనిషికి ఇయ్యాలె. నువ్వు పోశవ్వతోని గేటు కాడ కూసో. జీతం తగ్గియ్య."

జీతం తగ్గించనని చెప్పడం దయ అని ఆమె అనుకుంది. గట్టయ్యకు మాత్రం మొలతాటి చెవి ఎముకను నొక్కింది. పాతికేళ్లు చీకటిని తిట్టి తరిమిన మనిషిని తీసుకుపోయి, వచ్చేపోయేవాళ్లకు గడియ తీయడానికి కూర్చోబెడుతుందా. అదీ మసాలా నూరే మనిషి పక్కన.

ఆ కోపమంతా పట్టుకుని ఆబిడ్స్ పోయాడు. దుకాణంలో నలుగురు కొనేవాళ్లున్నారు. హోల్డరును బల్ల మీద పడేశాడు.

"సేటూ, నీ దుకాణంల ఇత్తడి కూడా అబద్ధం చెప్తది."

"నెమ్మదిగ మాట్లాడన్నా. ఏమైంది?"

"పూత పూసి ఇత్తడి అని అమ్ముతున్నవు. మీ నాయన ఉంటే నీ చెయ్యి ఇరగ్గొడ్తుండె. ఏమయ్యా, మీరంతా చూసి కొనుండ్రి. ఇది దొంగ మాలు దుకాణం." హోల్డరును మళ్లీ జేబులో వేసుకున్నాడు.

కొనేవాళ్లలో కోఠీలోని ఒక ప్రైవేటు బడి గుమాస్తా బాలకిషన్ ఉన్నాడు. బడికి గంటలు, దీపాల సామాను కొనడానికి వచ్చాడు. చేతిలో ఉన్న జాబితాను మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మళ్ల వస్త సేట్" అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. రామచందర్ ఆ ఖాళీ గడప వైపు చూస్తూ నిలబడ్డాడు. గట్టయ్య ఆ చూపును కూడా ఏవగించుకున్నాడు. దొరికిపోయినవాడి చూపు అలాగే ఉంటుందనుకున్నాడు.

మూడు రోజులకు రామచందరే దేవిడీకి వచ్చాడు. మధ్యాహ్నం. గొడుగు కింద, చేతిలో చిన్న పొట్లం. సౌభాగ్య ఎదుటే దాన్ని విప్పాడు. లోపల పాత హోల్డరు.

"ఇది మా ఇంట్ల దేవుని అర్రలది అమ్మా. పన్నెండేండ్ల నుంచి ఒక్క దినం ఆరలే. ఇప్పుడే విప్పుకొచ్చిన. దీన్ని పెట్టుండ్రి. రేపు మాపటికి నేను వచ్చి చూస్త."

గట్టయ్య దాన్ని రెండు వేళ్లతో అందుకున్నాడు. దేవుడి గదిలో చీకటి చేసుకుని గేటుకు వెలుతురు తెచ్చాడట. ఇట్లాంటి నాటకాలు నవాబు కూడా ఆడేవాడు.

నిచ్చెన ఎక్కాడు. వాన వెలిసింది. సందులో గుంటల నిండా ఆకాశం ముక్కలు పడి ఉన్నాయి. టోపీ మరలు విప్పుతుండగా, పోశవ్వ సంతకు పోతూ గేటు వేసింది. స్తంభం అదిరింది. అతని మోకాళ్ల దగ్గర, ఇత్తడి గిన్నెలో, ఏదో తొణికింది.

గట్టయ్య చేయి ఆగింది. కిందికి వంగి ఇనుప చేయిని ఊపాడు. బుడబుడ. ఇంకోసారి ఊపాడు. గొంతు దాకా తాగిన మనిషి కదిలినట్టు దీపం మెల్లగా మూలిగింది.

గిన్నె అడుగున వేలు పెట్టి తడిమాడు. నున్నగా ఉంది. ఎక్కడా అతుకు లేదు. అంత నున్నగా చేసిన చేయి ఎవరిదో అప్పుడు గుర్తొచ్చింది. మరలు విప్పే పేచ్‌కస్ మొనతో అక్కడే గుచ్చాడు. పదహారేళ్ల లక్క పెంకులా పగిలింది. నల్లటి నీళ్లు, ఇత్తడి వాసన కొట్టే నీళ్లు, అతని ముఖం మీద, మెడ మీద, ఛాతీ మీద ధారగా పడ్డాయి. చెంబుడు నీళ్లు. తుడుచుకోకుండా నిచ్చెన మీద అలాగే నిలబడ్డాడు.

ఇంగ్లండులో ఆ దీపం చేసిన మనిషి దాన్ని బయట వానలో నిలబడటానికే చేశాడు. పైనుంచి దూరిన నీళ్లు కిందికి పోవడానికి దారి పెట్టాడు. నవాబు దాన్ని కప్పు కింద దాచుకున్నాడు. గట్టయ్య ఆ దారి మూశాడు. ఇప్పుడు దాన్ని బయటికి తెచ్చిందీ అతనే. గిన్నెలో నిలిచిన నీళ్లు సాయంత్రం బుగ్గ వేడికి ఆవిరై పైకి పోయి, ఎన్ని హోల్డర్లు పెడితే అన్నిటినీ తినేశాయి. బాకెలైటు తప్పు లేదు. పింగాణీ తప్పు లేదు. ఇత్తడి తప్పు అసలే లేదు.

సందులో ఎవరూ లేరు. పోశవ్వ సంతకు పోయింది. పిల్లలు కాలేజీలో ఉన్నారు. రామచందర్ ఇంటి హోల్డరు జేబులో ఉంది. అది బిగిస్తే ఇక ఆరదు. సౌభాగ్యమ్మ సంతోషిస్తుంది, బత్తిగది మిగులుతుంది. పైగా, ఇంట్లో వాడుకునేది మంచిది, దుకాణంలో అమ్మేది దొంగది అని రామచందర్ తన చేత్తో తానే రుజువు చేసుకున్నట్టవుతుంది. గట్టయ్య అన్నమాట నిజమై కూర్చుంటుంది.

నిచ్చెన దిగి బత్తిగదికి పోయి తలుపు వేసుకున్నాడు. గూట్లో మూడు హోల్డర్లు వరుసగా ఉన్నాయి, పారేయబోయి మరిచినవి. వాటిని ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రామచందర్ అంటే అతనికి జాలి కలగలేదు. రామచందర్ సేటు రేపు దుకాణం మూసుకుని కొబ్బరికాయలు అమ్ముకున్నా ఆబిడ్స్‌కు వచ్చే నష్టం లేదనే అతని అభిప్రాయం. కానీ ఆ ఇంగ్లీషు హోల్డరు వైపు చూడలేకపోయాడు. మనుషుల మీద ఎన్ని అబద్ధాలైనా ఆడవచ్చు, వాళ్లు తిరిగి ఆడతారు. ఇత్తడి మీద ఆడితే అది ఏమంటుంది? నోరు లేక చిలుము పట్టి పడి ఉంటుంది. చూడకుండా, వినకుండా, నాకు తెలుసనుకుని తీర్పు చెప్పేవాళ్లను పాతికేళ్లుగా అసహ్యించుకున్నాడు. ఇప్పుడు ఆ అసహ్యం ఎటు పోవాలో తెలియక ఆ చిన్న గదిలో అతని చుట్టే తిరుగుతోంది.

చింతపండు నానబెట్టాడు. మూడింటినీ తోమాడు. వాటిలో అన్నిటికంటే చవకదాన్ని, తను గిలక్కాయ అన్నదాన్ని తీసుకుని మళ్లీ నిచ్చెన ఎక్కాడు.

ఆ సాయంత్రం వాన పడింది. దీపం వెలిగే ఉంది. గిన్నె అడుగు నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు కారుతున్నాయి. ఒక్కో చుక్క రాలేముందు వెలుతురు నింపుకుని ఒక్క క్షణం ఆగుతోంది. ఉసిళ్లు కూడా వచ్చాయి.

మర్నాడు మాపటికి మళ్లీ వాన తెరిపిచ్చింది. చెప్పిన ప్రకారం రామచందర్ వచ్చాడు. సౌభాగ్య గేటు దగ్గరికి వచ్చి దీపాన్ని చూపింది. ఆమె గొంతులో మర్యాద పూర్తిగా తిరిగి రాలేదు.

"మీ ఇంటిది మంచిగనే ఉన్నది రామచందర్‌గారూ. దుకాణంల గట్లాంటిదే అమ్మొచ్చు గదా."

రామచందర్ ముఖం చిన్నబోయింది. ఏదో చెప్పబోయాడు. గట్టయ్య జేబులోంచి హోల్డరు తీసి అతని చేతిలో పెట్టాడు.

"తీస్కపో సేటూ. మీ దేవుడు చీకట్ల ఉన్నడు."

సౌభాగ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి పైన వెలిగేది ఏంది?"

"బొంబాయిది. బాకెలైటుది. మొదటిసారి తెచ్చింది."

"అది పాడైందని తీసేస్తివి గదా."

"తీసేసిన."

"అంటే మాలు మంచిదేనా?"

"మంచిదేం కాదు, గిలక్కాయ. కానీ మాలు తప్పు లేదు. గిన్నె కింద నీళ్లు పోయే తొర్ర ఉండె. దాన్ని మూసిన్రు. నీళ్లు నిలిచి చిలుము పట్టింది."

"ఎవరు మూసిన్రు?"

గేటు పక్కన పోశవ్వ వక్క నమలడం ఆపింది. గట్టయ్య ఆమె వైపు చూడకుండా చెప్పాడు.

"నేనే. బేగం ఉన్నప్పుడు. మరిచిపోయిన."

"నేను చెప్తనే ఉన్న, బుడబుడమంటదని" అంది పోశవ్వ.

"చెప్పినవు" అన్నాడు గట్టయ్య. ఆ ఒక్క మాట అనడానికి అతను పడ్డ కష్టం చూసి పోశవ్వ మళ్లీ వక్క నమలసాగింది.

సౌభాగ్య దీపం వైపు చూసింది. కాగితం లేకుండా ఆలోచించడం ఆమెకు అలవాటు లేదు. "పిల్ల చెయ్యి బెణికింది. నీ మాట మీద నేను ఆర్డరు రద్దు చేసిన" అంది చివరికి. "నువ్వు చూసి చెప్తున్నవనుకున్న గట్టయ్యా." చేయి చాపింది.

గట్టయ్య మొలతాడు విప్పలేక కాసేపు పెనుగులాడాడు. పాతికేళ్ల చెమటకు ముడి రాయిలా బిగిసింది. కటింగ్ ప్లేయరుతో తాడే కత్తిరించి చెవి ఇచ్చాడు. చెవి ఆమె అరచేతిలో పడినప్పుడు ఆమె చేయి ఒక్కసారి వెనక్కి పోబోయి ఆగింది.

రామచందర్ కదలలేదు. "అన్నా, నలుగురి ముందర అన్నవు. గీడ చెప్తే సరిపోదు."

మర్నాడు పొద్దున్నే గట్టయ్య ఆబిడ్స్ పోయాడు. దుకాణంలో ముగ్గురున్నారు. మెట్టు మీద నిలబడి, ఎవరినీ చూడకుండా చెప్పాడు. "ఈ సేటు మాలు దొంగది కాదు. నేను తప్పు అన్న. దీపం తొర్ర నేనే మూసిన."

"ఏ దీపం?" అన్నాడు ఒకతను.

"ఎవరీయన?" అన్నాడు ఇంకొకతను. హోటలువాడు ఒకడు పంకా రెక్క చూపించమని బల్ల తట్టాడు. మళ్లీ చెప్పాడు గట్టయ్య, ఈసారి గట్టిగా. ముగ్గురూ ఓపిగ్గా విని పంకా రెక్కల వైపు తిరిగారు. ఇలాంటి మనుషుల ముందు తల వంచడానికా ఇంత దూరం నడిచొచ్చింది అనుకున్నాడు.

రామచందర్ మెల్లగా అన్నాడు. "వీళ్లు ఆనాటోళ్లు కాదన్నా. ఆనాడు ఉన్నోళ్లల్ల కోఠీ బడి గుమాస్తా ఒక్కడే నాకు యాది."

కోఠీ దాకా నడిచాడు. బడి ఆఫీసు బయట బల్ల మీద గంటసేపు కూర్చోబెట్టారు. గోడకున్న స్విచ్చు వంకరగా బిగించి ఉంది. ఏ గాడిద బిగించిందో అనుకున్నాడు. తర్వాత, తనది కాని పని మీద చూపు పెట్టడం ఇష్టం లేక కళ్లు మూసుకున్నాడు.

బాలకిషన్ అతను చెప్పిందంతా విన్నాడు. నవ్వలేదు. విసుక్కోలేదు. "నోటి మాట మీద కొనుడు ఆపినం. మళ్ల నోటి మాట మీద షురూ చేస్తే పైవాళ్లు అడుగుతరు. రాసియ్యి" అన్నాడు.

"నాకు రాయరాదు."

"నేను రాస్త. వేలిముద్ర పెట్టు."

కలం సిరాలో ముంచి, నోటితో పైకి చదువుకుంటూ రాశాడు. గట్టయ్య అను నేను. సామాను చూడకుండానే దొంగదని చెప్పినాను. తప్పు సామానుది కాదు. ఒక్కో ముక్క కాగితం మీద ఆరుతుంటే గట్టయ్య దాన్ని తలకిందులుగా చూస్తూ కూర్చున్నాడు. అంత చిన్న కాగితంలో తను ఇమిడిపోవడం అతనికి వింతగా ఉంది.

బాలకిషన్ కలం ఎత్తాడు. "ఏం పని చేస్తవని రాయాలె?"

గట్టయ్య చేయి అలవాటుగా నడుము దగ్గరికి పోయింది. అక్కడ తెగిన తాడు మొన గుచ్చుకుంది. చేయి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"గేటు కాడ ఉంట" అన్నాడు. "రాయి. గేటు తీస్త, వేస్త."

బాలకిషన్ రాసి, సిరా బిళ్లను అతని వైపు జరిపాడు.